అచ్చిరాని పాదు

మొదట నేను భయపడింది వానపాముకు. జనగామలో మా అత్తగారింటి పెరట్లో, గోదాము గోడకూ బావికీ నడుమ మంచమంత జాగా ఉండేది. ఖాళీ గోనెసంచులు దులపడానికి తప్ప అది దేనికీ పనికొచ్చేది కాదు. అక్కడ గడ్డపారతో తవ్వుతుంటే మట్టిపెళ్ళ కింద నుంచి మెలికలు తిరుగుతూ బయటికొచ్చింది. గడ్డపార అక్కడే పారేసి, మెట్లెక్కి వంటింట్లో వచ్చి పడ్డాను. చాటలో బియ్యం ఏరుతున్న అత్తమ్మ తలెత్తి, "పామా?" అంది. కాదు, వానపాము అన్నాను. "గంతేనా," అని మళ్ళీ బియ్యంలో పడిపోయింది.

నేను పిరికిదాన్ని. ఉరిమితే చెవులు మూసుకుంటాను. ఫోను ఆగకుండా మోగితే ఎవరికో ఏదో అయిందనుకుంటాను. పిరికితనంతో పాటు దేవుడు నాకు నోరు కూడా ఇచ్చాడు కాబట్టి, భయం వేసినప్పుడల్లా ఎవరో ఒకరి మీద అరుస్తాను. పెళ్ళయిన కొత్తలో ఆ వాటా అంతా మా ఆయనకే దక్కింది.

మాది కిరాణా వ్యాపారం. మానుకోటలో మా పుట్టింట్లోనూ అదే. మహబూబాబాద్ అని స్టేషను బోర్డు మీద ఉంటుంది గాని ఇంట్లో ఎవరం అలా అనం. రెండిళ్ళలోనూ గింజను చూస్తే ఏ రకమో, ఎంత పాతదో చెప్పగలరు. దాన్ని మట్టిలో ఎటు తిప్పి పెట్టాలో ఎవరికీ తెలియదు. కూరగాయ అంటే అంగడి నుంచి సంచిలో వచ్చేది.

అవి తెలంగాణ కోసం బంద్‌ల మీద బంద్‌లు జరుగుతున్న రోజులు. దుకాణం షట్టరు సగం దించి మా ఆయన లోపల కూర్చునేవాడు. అంగడి జరిగేది కాదు, కూరగాయల బండి వచ్చేది కాదు. పొద్దున పప్పు, సాయంత్రం పచ్చిపులుసు. ఓ రోజు విసుగెత్తి, "నేనే పండిస్త" అన్నాను. మా ఆయన నవ్వాడు. ఆ నవ్వు మీద కోపంతోనే గడ్డపార పట్టాను.

తరిగొప్పుల దగ్గరి తండా నుంచి ఒకామె మా వీధికి పెరుగు అమ్మకానికి తెచ్చేది. గింజలు కావాలంటే మర్నాడు ఓ పాత గుడ్డలో మూటగట్టి తెచ్చింది. విప్పి చూస్తే అన్ని రకాలూ కలిసిపోయి ఉన్నాయి.

"ఏం గింజలక్కా ఇవి?" అని అడిగాను.

"అన్ని ఉన్నై సావుకారమ్మా. బెండ, గోంగూర, బీర, ఇంకేమన్న. పెట్టు. మొలిస్తె నీకే ఎరుకైతది," అని వెంట వచ్చిన పిల్లతో వాళ్ళ భాషలో ఏదో చెప్పి నవ్వింది. నా గురించే అయ్యుంటుంది.

ఆ మూట చాలదన్నట్టు దుకాణం బస్తాలోంచి గుప్పెడు ధనియాలు తెచ్చి చల్లాను. ధనియాలు నలిపి రెండు బద్దలు చేసి చల్లాలని నాకెవరూ చెప్పలేదు. ఒక్కటీ మొలవలేదు. నేలకు బలమొస్తుందని, దుకాణంలో కరిగి పాడైన బెల్లం నీళ్ళలో కలిపి పోశాను. ఇది కిరాణా కొట్టు వాళ్ళు తప్ప ఇంకెవరూ చేయని పని. మర్నాటికి జనగామలోని ఎర్రచీమలన్నీ మా పెరట్లో ఉన్నాయి. అత్తమ్మ మెట్ల మీద నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, పెరట్లోకి దిగేది కాదు. చూడాల్సిందంతా పైమెట్టు మీది నుంచే చూసేది.

ఇంత చేసినా మొలకలు వచ్చాయి. ఓ పొద్దున మట్టి నెర్రె ఇచ్చి, తలమీద గింజ పొట్టుతోనే ఒకటి నిలబడి ఉంది. ఎవరో పిలిచినట్టు అక్కడే చతికిలబడి చాలాసేపు చూశాను. ఆ రోజు నేను ఎవరి మీదా అరవలేదు.

తీగలకు పందిరి వేసింది మా మరిది. భూపాలపల్లిలో ఓ ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేవాడు, నాకంటే కొంచెం చిన్న. ఉద్యమం మొదలయ్యాక పాఠాలకంటే దీక్షాశిబిరంలోనే ఎక్కువ కనిపించేవాడు. ఓ ఆదివారం వచ్చి, ఊరేగింపులో మిగిలిన జెండాకర్రలు నాలుగు పాతి, దుకాణంలో పొట్లాలు కట్టే పురికొసతో పైన అల్లాడు. "వదినె, నీ పందిరి కింద నిలవడి తెలంగాణ తెస్తం సూడు," అన్నాడు. పెళ్ళయి వచ్చిన ఇంట్లో నాతో మొదట నవ్వుతూ మాట్లాడిన మనిషి అతనే. నాకు తమ్ముళ్ళు లేరు.

అతను వెళ్ళిన కొన్నాళ్ళకు, బంద్ లేని రోజు వచ్చిన కూరగాయల బండి మీద పొట్లకాయలు చూసి, ఇవి మన పెరట్లో ఉంటే బాగుండు అన్నాను. అత్తమ్మ మొహం మారిపోయింది.

"కొంటం, తింటం. ఇంట్ల మాత్రం పెట్టం. పొట్ల మనకు అచ్చిరాదు," అంది.

ఇలాంటివి ప్రతి ఇంటికీ ఉంటాయి. మా పుట్టింటికి గుమ్మడి అచ్చిరాదు. కారణం ఎవరూ అడగరు. అయినా రాత్రి అన్నం దగ్గర మా ఆయనను అడిగాను. దుకాణంలో గల్లాపెట్టె వెనక గోడమీద దండ వేసిన ఫోటో ఒకటుంది. మీసం సరిగ్గా మొలవని పిల్లవాడు. "గాయన మా చిన్నాయిన. ఇంట్ల పొట్లపాదు పెట్టినంక పోయిండట. గప్పటి సంది పెట్టరు," అన్నాడు. ఎట్లా పోయాడంటే తనకు ఎరుక లేదన్నాడు. ఆ మాట ఇంట్లో తీయరట.

తర్వాత సమ్మె వచ్చింది. ఇది ఒకనాటి బంద్ కాదు. బస్సులు ఆగిపోయాయి, బళ్ళు మూసేశారు, ఆఫీసులు మూసేశారు. పట్టాల మీద జనం కూర్చుంటే రైళ్ళు నిలిచిపోయాయి. భూపాలపల్లిలో బొగ్గు తీసేవాళ్ళు పని మానేశారని విన్నాం. జనగామలో రోడ్డుమీదే పొయ్యిలు పెట్టి వండుకుని తినే వంటావార్పులు మొదలయ్యాయి. నా మొదటి గోంగూర, మొదటి బెండకాయలు ఆ వంట గంజుల్లోకే పోయాయి. నాకు లోపల గర్వంగానే ఉంది. కాని పేపరు తెరవాలంటే భయమేసేది. తెలంగాణ వస్తుందో రాదోనని ప్రాణం తీసుకున్న పిల్లల ఫోటోలు ఉండేవి అందులో. అందరూ మా మరిది వయసు వాళ్ళు, లేదా ఇంకా చిన్నవాళ్ళు.

ఓ సాయంత్రం అతను ఫోన్ చేశాడు. వెనకాల డప్పులు, నినాదాలు. ఏమేమో చెప్పాడు, సగం వినపడలేదు. చివరికి, "వదినె, అమ్మను మంచిగ సూసుకో," అన్నాడు. ఫోను ఆగిపోయింది.

తిరిగి చేశాను. మోగలేదు. మళ్ళీ చేశాను. స్విచాఫ్ అని వచ్చింది.

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. అత్తమ్మకు చెబితే ఆమె ఏమవుతుందో. మా ఆయనకు చెబితే అతని మొహం చూసి అత్తమ్మకు తెలిసిపోతుంది. పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాను. చీకటి పడబోతోంది. పందిరి మీద ఓ తీగకు ఎప్పుడూ లేని తెల్లటి పువ్వులు విచ్చుకుంటున్నాయి. రెక్కల అంచుల నుంచి దారాలు వేలాడుతున్నాయి. బీరకు పచ్చపువ్వు వస్తుందని నాకప్పటికి తెలుసు. బీర అనుకుని నేను నీళ్ళు పోసి పెంచింది బీర కాదు.

అది పొట్ల. పువ్వులన్నీ తెంపేద్దామని చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కు తీసుకున్నాను. పొద్దున మానుకోటకు ఫోన్ చేసి మా అమ్మకు చెప్పాను. "పీకేస్తనే," అన్నాను.

"సప్పుడు జెయ్యకుండ ఉండు. పూత పట్టిన పాదును పీకొద్దు. నీ కడుపు పండే వయసు," అంది అమ్మ.

ఉంచితే మరిదికి, పీకితే నా కడుపుకు. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు. నమ్ముతానో లేదో ఆలోచించుకునే తీరిక కూడా భయం ఇవ్వలేదు. అతనికి ఏదన్నా అయితే మొదట ఆ పందిరివైపు చూస్తారు, తర్వాత నావైపు చూస్తారు. అతనికి ఏదన్నా అయితే అన్న మాట మధ్యలోనే ఆపేసి దేవుడి గూటి ముందు లెంపలు వేసుకునేదాన్ని.

అతని ఫోను మోగనే లేదు. రోడ్లు దిగ్బంధం చేసిన పిల్లలను పట్టుకుపోయారని ఒకరు, పట్నం పోయారని ఒకరు చెప్పారు. మా ఆయన బండి వేసుకుని భూపాలపల్లి బయల్దేరాడు. దారి పొడవునా చెట్లు నరికి అడ్డం వేశారని సగం నుంచి తిరిగొచ్చాడు. వచ్చి నేరుగా దుకాణానికి వెళ్ళి, మూసిన షట్టరు ముందు కూర్చున్నాడు. అత్తమ్మ బియ్యం ఏరుతూనే ఉంది. ఏరిన బియ్యమే మళ్ళీ చాటలో పోసుకుని ఏరింది.

ఇంత జరుగుతుంటే పాదు మాత్రం విరగకాసింది. పిందెలు సన్నగా దిగి, గాలికి ఊగడం మొదలుపెట్టాయి. పెరుగు తెచ్చే ఆమె గోడమీది నుంచి చూసి, కొసకు రాయి కట్టకపోతే కాయ చుట్ట చుట్టుకుపోతుందని చెప్పింది. నాకు పురికొస కొత్త కాదు. చిన్నప్పటి నుంచి కళ్ళు మూసుకుని పొట్లాం కట్టగలను. ముక్క తెంపుకుని పందిరి కిందికి వెళ్ళాను. ఊగుతున్న కాయను చూశాను, చేతిలోని తాడును చూశాను. పేపర్లో చదివిన వార్తలు గుర్తొచ్చాయి. ముడి వేయలేకపోయాను. అక్కడే మట్టిలో కూర్చుని నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను.

కాయలు మెలికలు తిరిగి పెరిగాయి. కొన్ని గోడ దాటి పక్కింటి వైపు వేలాడాయి. ఆ ఇంటి చిన్నమ్మది బట్టల దుకాణం, నోరు నాకంటే పెద్దది. ఓ పొద్దున మా పెరటి దర్వాజ నెట్టుకుని లోపలికొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని పందిరివైపు చూసింది.

"అక్కా! ఓ అక్కా!" అని అత్తమ్మను కేకేసింది. "నీ కొడుకు పతా లేకపాయె, ఇంట్ల జూస్తె పొట్ల కాస్తున్నది! మీకు అచ్చిరాదని ఊరందరికి ఎరుకే గద! ఎవలు పెట్టిండ్రు గీ పాదు?"

నా చేతిలో నీళ్ళ చెంబు ఉంది. అది కింద పెట్టాలని కూడా తోచలేదు. నేనే అని చెప్పడానికి నోరు తెరిచాను. ఎప్పుడూ ఆగని నోరు అప్పుడు ఆగింది.

అత్తమ్మ పైమెట్టు మీదికి వచ్చింది. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. నేను ఆ ఇంటికి వచ్చాక ఆమె పెరట్లో కాలుపెట్టడం అదే మొదటిసారి. పందిరి కిందికి వచ్చి, తలెత్తి కాయలన్నీ చూసింది. ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు.

"నేనే పెట్టిన," అంది.

"నువ్వా?" అంది చిన్నమ్మ.

"ఆఁ, నేనే. పో, ఇంట్ల పని జూస్కో."

చిన్నమ్మ గొణుక్కుంటూ వెళ్ళింది. నా చేతిలోని చెంబు అత్తమ్మే తీసి కింద పెట్టింది. బావి గట్టు మీద కూర్చుని మోకాళ్ళు రాసుకుంది.

"పువ్వు పూసిన నాడే సూసిన, పైనుంచి. నువ్వు దాస్తున్నవని సప్పుడు జెయ్యలే," అంది. "నేను గీ ఇంటికి కొత్తగ వచ్చినప్పుడు గీడనే పెట్టిన పొట్ల. గప్పుడు గూడ గిదే లొల్లి, తెలంగాణ కావాలని. మా మరిది పట్నంల సదువుతుండె. నా చేతి సద్ది తిని పొద్దుగాల బండికి పోయిండు. మళ్ళ రాలే. తుపాకి గుండు తలిగిందన్నరు."

గల్లాపెట్టె వెనక ఫోటోలోని మీసం మొలవని పిల్లవాడు.

"మా అత్త ముందుగాల పాదును జూసింది. తర్వాత నన్ను జూసింది," అంది అత్తమ్మ. "అందరు పొట్ల అన్నరు బిడ్డా. తుపాకి అని ఒక్కలనలే."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. అప్పుడు ఆమె ఆ పాదును తన చేతులతోనే పీకేసిందట, కాయలు, పూత, అన్నిటితో. "పీకితె మరిది వచ్చిండా? రాలే. నాకు పిల్లలు గూడ ఎన్నో ఏండ్లకు గని కాలే. గప్పుడేమో, పాదు పీకిన చెయ్యి గద, ఎట్లయితరు అన్నరు."

"మరి మీరే గద అత్తమ్మా, అచ్చిరాదు అంటరు?"

"అందరంటుంటె నమ్మిన. ఇప్పటికి గూడ సగం నమ్ముత," అంది. "నా మీద పాత మాట ఉండనే ఉన్నది. గిదొకటి ఎక్కువైతదా? నువ్వింక బతకాల్సిన పిల్లవు."

నేను ఏడుస్తుంటే ఆమె లేచి, "దారం తే. దుకాణంలకెళ్ళి చిన్న తూకం రాళ్ళు తే. కాయలన్ని వంకర పోతున్నై," అంది. అప్పుడు చెప్పేశాను. మరిది ఫోనులో అన్న మాట, తాడు పట్టుకుంటే నాకు వచ్చిన ఆలోచన, అన్నీ. చెబుతున్నంతసేపూ ఆమె మొహంవైపు చూడలేకపోయాను.

అత్తమ్మ ఓ పిందెను అరచేతిలో పెట్టుకుని నిలబడింది. పిందెను మెల్లగా వదిలేసింది.

"వద్దు. వంకరనే ఉండనియ్యి," అంది.

ఆ తర్వాతి రోజుల గురించి ఎక్కువ చెప్పలేను. ఇద్దరం భయపడ్డాం. తేడా ఒక్కటే, అంతకుముందు ఎవరికి వాళ్ళం భయపడేవాళ్ళం, ఇప్పుడు పందిరి కింద పక్కపక్కనే కూర్చుని భయపడ్డాం. ఆమె రోజూ మెట్లు దిగేది. నేను చెయ్యి పట్టుకునేదాన్ని.

ఓ మధ్యాహ్నం ముందు దర్వాజ చప్పుడైంది. గడ్డం మాసి, ఓ చెప్పు తెగి, దుమ్ముకొట్టుకుపోయి మా మరిది నిలబడి ఉన్నాడు. పాల వ్యానులో వచ్చాడట. రాస్తారోకో దగ్గర పట్టుకుపోయి, ఎక్కడో ఓ ఫంక్షన్ హాల్లో ఉంచి వదిలేశారు. ఆ తోపులాటలో ఫోను పోయింది. బస్సులు లేక టేకుమట్లలో దోస్తు ఇంట్లో ఆగిపోయాడు.

"ఇంకెవల ఫోనన్న లేదా? ఒక్క మాట చెప్పరాదా?" అని అరిచాను. అరుపు వచ్చినందుకు నాకే ప్రాణం లేచి వచ్చింది.

"నంబర్లన్ని ఫోన్లనే ఉన్నై వదినె. నోటికొచ్చింది దుకాణం నంబరొక్కటే. ఎన్నిసార్లు చేసిన్నో! షట్టరేసుంటె ఎవలెత్తుతరు?"

"మరి అమ్మను మంచిగ సూసుకో అని ఎందుకన్నవ్?"

అతను నావైపు తెల్లబోయి చూశాడు. "మోకాళ్ళ గోలీలు అయిపోతయి, బంద్‌ల దొరకయి, ముందుగాల్నే తెప్పియ్యి అన్న. గది ఇనలేదా?"

వినలేదు. నినాదాల్లో కలిసిపోయిన సగంలో అది ఉంది. చేతిలోని గరిటె అతని మీదికి విసిరాను. తగలలేదు.

అత్తమ్మ కొడుకును ముట్టుకోలేదు, ఏడవలేదు. కాళ్ళు కడుక్కొమ్మని, పీట వేసి అన్నం పెట్టింది. వార్త విని పక్కింటి చిన్నమ్మ అప్పుడే వచ్చి గడపలో కూర్చుంది. మరిది నాలుగు ముద్దలు ఆబగా తిన్నాడు. కూరలోని చక్రాల్లాంటి ముక్కలు చూసి, వంటింటి మూలన కుప్పపోసిన వంకర కాయలు చూసి, ఆగిపోయాడు.

"పొట్లకాయనా? మనింట్ల కాసినయా? మనకు అచ్చిరాదు గదనే అమ్మా. ఎవలు పెట్టిండ్రు?"

"మీ వదినె," అంది అత్తమ్మ.

గడపలోంచి చిన్నమ్మ అందుకుంది. "గదేంది అక్కా? మొన్న నువ్వే పెట్టిన అంటివి?"

"నేనా? మోకాళ్ళ నొప్పులదాన్ని, పెరట్లకు దిగుతనా?" అంది అత్తమ్మ. కొడుకు పళ్ళెంలో ఇంకో గరిటె కూర వేసింది. "అంత మా కోడలే పెట్టింది."